సమస్య: “కొయ్యగోడ నిలిచెఁ గోట కూలె”

నిర్వాహకులు: గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చరిత్ర ఏడవ సంపుటంలో, పర్షియా దండెత్తి వచ్చినప్పుడు కొయ్యగోడే కాపాడుతుందని డెల్ఫీ గుడిలోని దైవవాక్కు ఏథెన్సుకు చెప్పిన ఘట్టం చదువుతూ ఉండగా ఈ పాదం దానంతట అదే నాలుక మీదికి వచ్చింది. పూరణ ఏథెన్సు నాయకుడు థెమిస్టొక్లీస్ జీవితానికే అన్వయించాలి. లంకను తెచ్చి ముడిపెట్టిన పూరణలను ఈసారి స్వీకరించను.

గుంటూరు మాస్టారు:

గనుల వెండి దొరకెఁ, గట్టించె నోడలు
పంచవలదటంచుఁ బట్టుబట్టి;
పర్షియనులు రాగ భస్మమయ్యెను పురి
కొయ్యగోడ నిలిచెఁ గోట కూలె.

ఖమ్మం వకీలు: మాస్టారి ధారకు వంక పెట్టలేము. క్రీ.పూ. 483లో లారియం గనుల్లో వెండి పడినప్పుడు, దానిని తలకు పది ద్రక్మాల (వెండి నాణేల) చొప్పున పంచుకోవాలనుకున్న ఏథెన్సు ప్రజలను ఒప్పించి ఆ సొమ్మును ఓడలకు మళ్ళించిన ఘట్టం రెండు పాదాల్లో ఇమిడిపోయింది. అయితే ఆనాడు సభలో థెమిస్టొక్లీస్ చెప్పిన కారణం పర్షియా కాదు, పొరుగున ఉన్న ఏజినా ద్వీపంతో సాగుతున్న యుద్ధం. దూరాన ఉన్న శత్రువును చూపి భయపెట్టకుండా, రోజూ కంటికి కనబడే శత్రువును చూపి పని జరిపించుకోవడమే ఆయన నేర్పు, ఆ నేర్పు పద్యంలోకి రాలేదు. పైగా కొయ్యగోడ అంటే ఏమిటో పద్యం విప్పి చెప్పలేదు. నా పూరణ ఇది.

పలుకు నమ్మి కొండపైఁ జెక్కలను గట్ట
మండిపోయె; గుడులు మట్టమయ్యె;
కడలి నోడ లొడ్డి గట్టిగా నిలువంగఁ
గొయ్యగోడ నిలిచెఁ గోట కూలె.

గుంటూరు మాస్టారు: మొదటి పాదంలో “ప”కు “పై”తో యతి కుదిర్చిన తీరు నాకు నచ్చింది, విరుపు అంతకన్నా నచ్చింది. “కొయ్యగోడ కాపాడుతుంది” అన్న డెల్ఫీ వాక్కును అక్షరాలా నమ్మిన గుడి కోశాధికారులూ, ఊరు విడిచి వెళ్ళలేని పేదలూ ఏథెన్సు కోటకొండ అక్రోపోలిస్ మీద తలుపులూ దూలాలూ అడ్డం పెట్టుకుంటే, పర్షియనులు నిప్పు చుట్టిన బాణాలతో వాటిని తగలబెట్టారు. ఒకే మాటకు రెండు కొయ్యగోడలు చూపి ఒకదానిని కాల్చి, ఒకదానిని నిలబెట్టడం మంచి పూరణకు లక్షణం. కానీ సమస్య అడిగిన మనిషి ఈ పద్యంలో ఎక్కడా లేడు. పోయిన నెల మారథాన్ పూరణలో, క్రీ.పూ. 490లో పర్షియనుల మీద గెలుపు ఏథెన్సు సేనాని మిల్టియాడీస్‌ది కాగా, వకీలు గారు థెమిస్టొక్లీస్‌ను సేనాపతిగా నిలబెట్టారు. లేని చోట తెచ్చిన మనిషిని ఉన్న చోట మరిచిపోవడం నాకు బాధగా ఉంది.

ఖమ్మం వకీలు: మారథాన్ పద్యంలో తప్పు నాదే, ఆనాడే ఒప్పుకున్నాను. మిల్టియాడీస్ విజయచిహ్నం తనను నిద్రపోనివ్వడం లేదని థెమిస్టొక్లీస్ అన్నట్టు గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ రాసిన మాట నా మనసులో ఉండి తొందరపెట్టింది. ఈ పద్యంలో మాత్రం ఓడలొడ్డినవాడు ఎవరో వేరే చెప్పాలా?

నిర్వాహకులు: చెప్పాలి. ఆ వాక్కులోనే “దివ్య సలామిస్, స్త్రీలు కన్న బిడ్డలను నువ్వు నాశనం చేస్తావు” అన్న మాట కూడా ఉంది. సలామిస్ ఏథెన్సు పక్కనున్న ద్వీపం. అక్కడ పోరాడితే ఏథెన్సుకు ఓటమి తప్పదని వాక్కులకు అర్థం చెప్పేవారు దానిని వ్యాఖ్యానించారు. చచ్చేది మనవాళ్ళే అయితే “క్రూర సలామిస్” అని ఉండేదనీ, “దివ్య” అన్న విశేషణం ఉంది కనుక నాశనం శత్రువుదేననీ, కొయ్యగోడ అంటే ఓడలేననీ థెమిస్టొక్లీస్ వాదించి సభను ఒప్పించాడు. డెల్ఫీ ఇచ్చింది సమస్య అయితే ఆయన చేసింది పూరణ. ఒక్క విశేషణం మీద అంత బరువు మోపి ఒక నగరాన్ని ఓడలెక్కించిన ఆ పూరణకర్త కనబడని పద్యానికి మొదటి స్థానం ఇవ్వలేను.

డల్లాస్ సోదరుడు: పెద్దలిద్దరూ పర్షియనులు దండెత్తిన క్రీ.పూ. 480 దగ్గర ఆగారు. కుండపెంకుల మీద పేరు రాసి ఓటు వేసి ఏథెన్సు ప్రజలు థెమిస్టొక్లీస్‌ను వెలివేశారు; నేను ఆయన చివరి రోజుల వైపు వెళ్ళాను.

పెంకు పెంకుమీఁదఁ బేరు వ్రాయఁగఁ బురి
పగతురాజు నీడ బ్రదుకవలసె;
తాను గట్టుకొన్నదంతయుఁ గూలంగఁ
గొయ్యగోడ నిలిచెఁ గోట కూలె.

ఖమ్మం వకీలు: తమ్ముడూ, భావం గుండెకు తగిలింది. తాను ఓడించిన పర్షియా రాజు జెర్క్సీస్ కొడుకు అర్తజెర్క్సీస్ పంచన చేరి, రొట్టెకు మాగ్నీసియా, ద్రాక్షసారాకు లాంప్సకస్, కూరకు మయస్ అని ఊళ్ళను కానుకగా పుచ్చుకుని బతికిన బతుకు “నీడ” అన్న ఒక్క మాటలో వచ్చింది. అయితే “నీడ”లోని “డ” తరువాత “బ్ర” ఉంది కనుక అది గురువై గణం చెడిందని నా అనుమానం. ఊరంతా రాసినట్టు “పురి” అనడం కూడా సరిగా లేదు. అక్రోపోలిస్ ఉత్తరపు వాలులోని ఒక బావిలో ఆయన పేరున్న పెంకులు 190 దొరికితే, వాటిని రాసినవి 14 చేతులేనని తేలింది. అవి ప్రత్యర్థులు ముందే రాయించి సిద్ధం చేసుకున్నవిగా కనిపిస్తున్నాయి.

గుంటూరు మాస్టారు: గణం చెడలేదు. అవి వేర్వేరు తెలుగు పదాలు, సమాసం కాదు, కనుక “డ” లఘువే. రాసిన చేతులు కొన్నే అయినా వెలి వేయడానికి 6,000 ఓట్లు కావాలి కనుక “పురి” కూడా నిలుస్తుంది. అసలు దోషం మూడో పాదంలో ఉంది, దానిని వకీలు గారు గమనించకపోవడం నాకు ఆశ్చర్యం. “కొన్నది + అంతయు” అని సంధి విప్పితే యతిస్థానంలో ఉన్నది “అ”. దానికి “తా”తో మైత్రి లేదు.

డల్లాస్ సోదరుడు: మాస్టారూ, శిరోధార్యం. ఆ పాదాన్ని ఇలా మార్చాను.

తాను లేని పురికిఁ దన యోడలే దిక్కు

గుంటూరు మాస్టారు: ఇప్పుడు యతితో పాటు అర్థమూ స్థిరపడింది. కూలిన కోట ఆయనే, నిలిచిన కొయ్యగోడ ఆయన విడిచివెళ్ళిన నౌకాదళం. నా పద్యం కన్నా ఇది మేలైనదని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

బందరు అమ్మ: నాయనలారా, అందరూ కోటను కూల్చారే గాని ఆయన కట్టిన గోడను ఎవరూ తలుచుకోలేదు. పర్షియనులు వెళ్ళిపోయాక, గోడలు వద్దన్న మరో గ్రీకు నగరం స్పార్టాకు తానే రాయబారిగా వెళ్ళి మాటలతో కాలయాపన చేస్తూ, ఇక్కడ ఆడవాళ్ళూ పిల్లలూ సహా అందరి చేతా, సమాధి రాళ్ళను కూడా పేర్చి, గోడ లేపించాడు. దాదాపు 75 ఏళ్ళ తరువాత, క్రీ.పూ. 405లో ఈగోస్పొటమి దగ్గర ఏథెన్సు నౌకాదళం స్పార్టాకు పట్టుబడిపోయింది. మరుసటి ఏడాది స్పార్టా వాళ్ళు పన్నెండు ఓడలు మాత్రం ఉంచుకోనిచ్చి, పిల్లనగ్రోవులు ఊదించుకుంటూ ఏథెన్సు నుంచి దాని రేవు పిరేయస్‌కు సాగిన పొడవాటి గోడలనూ, ఆయన మొదలుపెట్టిన పిరేయస్ గోడలనూ పడగొట్టించారు. నాకు పద్యం మొత్తం రాలేదు, ఒక్క పాదమే వచ్చింది.

కొయ్యగోడ లేక కోట కూలె

నిర్వాహకులు: అమ్మా, ఇచ్చిన పాదాన్ని మార్చారు కనుక దీనిని పూరణగా స్వీకరించలేను. వచ్చే వారం సమస్యగా మీ పాదాన్నే ఇస్తున్నాను.