అప్రెంటిస్ డబ్బు బిల్డర్‌కు రావాలా, పిల్లవాడికి పోవాలా?

కాజీపేట బిల్డర్: అప్రెంటిస్‌లను పెట్టుకున్న కాంట్రాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. 2016లో కేంద్రం అప్రెంటిస్ పథకం ఎన్‌ఏపీఎస్ వచ్చినప్పుడు స్టైపెండ్ మొత్తం మనమే ఇచ్చి, అందులో 25 శాతం, నెలకు 1500 మించకుండా కేంద్రం నుంచి వెనక్కి తీసుకునేవాళ్లం. 2023 నుంచి ఆ వాటా నేరుగా పిల్లల ఖాతాలో పడుతోంది. నేర్పేది మేము, తప్పు కొలతకు కోసిన రాడ్డు మా ఖాతాలో, పక్కన నిలబడి చూపించే మేస్త్రీ కూలి మా ఖాతాలో. నేర్పినందుకు యజమానికి గ్రాంటు ఉండాలా వద్దా?

సుతారి బిడ్డ: అన్నా, ఆ 1500 స్టైపెండ్‌లో భాగమే కదా. అంత తగ్గించి మీ వాటా మీరు ఇస్తే సరిపోతుంది. మీకు పోయిందేంటి?

కరీంనగర్ సైట్ ఇంజనీర్: అందరికీ 1500 రాదు. 25 శాతం లెక్క, 1500 పైపరిమితి. స్టైపెండ్ తక్కువైతే అదీ తగ్గుతుంది.

కాజీపేట బిల్డర్: 1500 పట్టుకుని వేలాడకండి. నేను అడిగేది నేర్పే ఖర్చు. కొత్త పిల్లవాడు సెంట్రింగ్‌లో ఉంటే స్లాబ్ ఒక రోజు ఆలస్యం, ఇంటి ఓనర్ నాకు ఫోన్ చేసి అరుస్తాడు, పిల్లవాడికి కాదు.

హన్మకొండ అడ్డా: సెస్ సంగతి ఎవరూ ఎత్తరేం? 1996 చట్టంతో మొదలైన ఈ పన్ను కింద నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మిక సంక్షేమ బోర్డుకు పోతుంది. ఆ నిధులు వాడకుండా పెట్టుకున్నందుకు 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను గట్టిగా మందలించింది కూడా. శిక్షణకు అందులోంచి ఇవ్వండి, గొడవ ఉండదు.

సుతారి బిడ్డ: సెస్ ముట్టుకోవద్దు. ప్రమాదంలో పోయినవాడి కుటుంబానికి, కాన్పుకు, ఆడపిల్ల పెళ్లికి వచ్చే సాయం అందులోంచే. అది తీసి బిల్డర్‌కు ఇస్తారా?

కాజీపేట బిల్డర్: సెస్ కట్టేది ఎవరు? మేమే కదా!

సుతారి బిడ్డ: కట్టేది మీరైనా అది మా పేరు మీద వసూలు చేసిన డబ్బు. ఇంకొకటి చెప్తా, నేర్పడం అంటున్నారు కదా. మా తమ్ముడిని ఒక సైట్‌లో అప్రెంటిస్ అని తీసుకుని నెలల తరబడి కంకర తట్టలు మోయించారు. మట్టం చూసే రసమట్టం చేతికి ఇవ్వలేదు. చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు, అది పట్టుకుని అడ్డా మీద నిలబడితే హెల్పర్ కూలే ఇచ్చారు. ఇలాంటి సైట్‌కు కూడా గ్రాంటు ఇవ్వాలా?

కాజీపేట బిల్డర్: ఎవరో చేసినదానికి నన్నెందుకు తిడుతున్నావు? నా దగ్గర టైల్స్ పని నేర్చుకున్న పిల్లలు చేయి తిరగ్గానే హైదరాబాద్ పోయారు, ఒకడు దుబాయ్ పోయాడు. ఖర్చు నాది, లాభం ఇంకొకరిది. అందుకే ఇప్పుడు అందరం బీహార్, ఒడిశా ముఠాలను పిలుస్తున్నాం.

కరీంనగర్ సైట్ ఇంజనీర్: 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్నవాళ్లకే అప్రెంటిస్ తప్పనిసరి, ఆ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా. చిన్న కాంట్రాక్టర్లను ఎవరూ బలవంతం చేయట్లేదు.

సుతారి బిడ్డ: పని వచ్చాక మేస్త్రీ కూలి ఇచ్చారా అన్నా? ఇస్తే అమ్మానాన్నలను వదిలి హైదరాబాద్ ఎందుకు పోతాడు?

కాజీపేట బిల్డర్: ఎక్కడి నుంచి ఇవ్వాలి? తక్కువ కోట్ చేసినవాడికే పని దొరుకుతుంది. నేను మేస్త్రీ రేటు వేసుకుంటే ఆ పని పక్కవాడు పట్టుకుపోతాడు. గ్రాంటు వస్తే కొంత ఊపిరి ఆడుతుంది, అంతే.

సుతారి బిడ్డ: అంటే గ్రాంటు నేర్పడానికి కాదు, తక్కువ కూలికి ఆపుకోవడానికి.

కాజీపేట బిల్డర్: ఆపుకోవాలనే అడుగుతున్నా, దాచేదేముంది? నేర్పినవాడు రెండేళ్లైనా నా దగ్గర చేయాలి. ఆ బాండ్ లేకపోతే గ్రాంటు ఇచ్చినా ఇక ఎవరినీ తీసుకోను.

హన్మకొండ అడ్డా: గ్రాంటులో సగం శిక్షణ అయ్యాక, మిగతా సగం ఆ పిల్లవాడికి మేస్త్రీ కూలి ఇచ్చినట్టు బ్యాంకు ఖాతాలో కనిపించాక ఇవ్వొచ్చు కదా?

సుతారి బిడ్డ: అలా అయితే నాకు అభ్యంతరం లేదు. బాండ్ అంటే మాత్రం మా ఊరి నుంచి ఒక్క పిల్లవాడిని కూడా పంపనివ్వను.

కాజీపేట బిల్డర్: ముందు కూలి పెంచి తర్వాత డబ్బు కోసం ఎదురుచూడాలా? ఆ రోజుల్లో రీయింబర్స్‌మెంట్ కోసం తిరిగింది చాలు.