చెరువుల మీద తిరిగే మనిషికి ఏ మెకానికల్ వాచీ మంచిది?

మాది భీమవరం దగ్గర పల్లె, రొయ్యల సాగు. నాన్నగారి షష్టిపూర్తికి ఒమేగా సీమాస్టరా, ట్యూడరా, గ్రాండ్ సీకోనా అన్నది తేలడం లేదు.

స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్ (టైమ్ కచ్చితంగా చూపిస్తుందని పరీక్షించి ఇచ్చేది) అంటే వాచీ లోపలి మెషీన్‌కి రోజుకు మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల వరకు తేడా ఉండొచ్చు. ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్‌కి మొత్తం వాచీనే పరీక్షిస్తారు, 0 నుంచి ప్లస్ 5. ఈ తేడా వాడేవాళ్లకి తెలుస్తుందా? నాకైతే అనుమానమే. గ్రాండ్ సీకో ముళ్ల ఫినిషింగ్ చూస్తే మతి పోతోంది. మా బావేమో రోలెక్స్ కొను, అమ్మినా డబ్బులొస్తాయంటాడు. అమ్మడానికి కొంటామా అండీ!

అసలు టెన్షన్ సర్వీసింగ్. ఈ ఉక్కపోతలో, ఉప్పునీళ్లలో గాస్కెట్లు (నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగులు) ఎంతకాలం ఆగుతాయి? ఆయిలింగ్‌కి హైదరాబాద్ పంపాల్సిందేనా? ఎంతవుతుంది? గోదావరి జిల్లాల్లో వాడుతున్నవాళ్లు ఉంటే చెప్పండి.