స్టీఫెన్ లారెంట్ సంస్మరణ: అబెనకీ పేర్లు తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న
అబెనకీలు (ఉత్తర అమెరికా మూలవాసి జాతి) పెద్దాయనగా చూసే స్టీఫెన్ లారెంట్ (1909–2001) మీద తెలుగులో చిన్న సంస్మరణ వ్యాసం తయారవుతోంది. ఒకచోట ఆయన పేరు అతియన్ లోలో అని ఉంది. ఇద్దరా, ఒక్కరేనా? మాటల మధ్యలో 8 అంకె కనిపిస్తోంది, అచ్చుతప్పా? "అబెనకీల బ్రౌన్ దొర" అని శీర్షిక పెట్టొచ్చా?

జవాబు 1
ఒక్కరేనండి. అబెనకీలో ర లేదు, ఫ్రెంచి పేర్లలోని ర వాళ్ల నోట ల అవుతుంది. లారెంట్ ఫ్రెంచి ఉచ్చారణలో చివర ముక్కుతో పలికే అచ్చు, అందుకే లోలోఁ. స్టీఫెన్‌కి ఫ్రెంచి రూపం ఎతియెన్, అది అతియన్ అయింది. తండ్రి జోసెఫ్ (1839–1917) సోజప్ లోలోఁ. కెనడాలోని అబెనకీ ఊరు ఒడనాక్ నాయకుడాయన. 1884లో అబెనకీ–ఇంగ్లిష్ సంభాషణల పుస్తకం వేసిందీ, అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని ఇంటర్వేల్‌లో బుట్టలమ్మే వేసవి శిబిరం మొదలుపెట్టిందీ ఆయనే. ఇంటిపేరు చూసి ఇవి కొడుకు ఖాతాలో వేసేయకండి.

జవాబు 2
8 అచ్చుతప్పు కాదు. తిరకాసేంటంటే దానికి రెండు విలువలున్నాయి. జెస్యూట్ (కాథలిక్ మిషనరీ) ఫాదర్ ఒబెరీ 18వ శతాబ్దం తొలినాళ్లలో రాసిన ఫ్రెంచి–అబెనకీ నిఘంటువులో 8 అంటే ఉ లేదా వ (ఓ మీద యు ఎక్కించిన గుర్తు). ఇప్పటి ఒడనాక్ రాతల్లో అదే 8 ముక్కుతో పలికే ఓ. కాబట్టి డబ్ల్యూ తర్వాత 8 పెట్టి రాసే జాతి పేరు వోఁబనకి అవుతుంది. వోఁబన్ అంటే తెల్లవారడం, అకి నేల. పాత పద్ధతిలో చదివితే వూబనకి అయిపోతుంది, అర్థం పోతుంది.

ఒబెరీ రాతప్రతిని ఇంగ్లిష్‌లోకి తెచ్చింది స్టీఫెనే. 1995లో అచ్చయ్యేసరికి ఆయనకి ఎనభై దాటాయి. వ్యాసానికి గుండెకాయ అదే, శిబిరం కాదు. బ్రౌన్ పోలిక వద్దు: బయటినుంచి వచ్చి నిఘంటువు రాసినవాడు ఒబెరీ, స్టీఫెన్ ఆ భాష ఇంట్లో మాట్లాడినవాడు.

జవాబు 3
టైపింగ్ సంగతి. లోలోం అని నిండుసున్న పెడితే మనవాళ్లు మ్ కలిపి చదువుతారు. అరసున్న వాడండి, ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్+ఎక్స్. మనం దాన్ని పలకడం ఎప్పుడో మానేశాం కాబట్టి మొదటిసారి వచ్చినచోట "ముక్కుతో పలకాలి" అని ఒక మాట రాయండి. వాళ్ల రాతలో సీహెచ్ పలికేది ట్స. "గొప్ప" అనే మాటని క్చి అని రాస్తే తెలుగులో ఇకారం ముందు చ తాలవ్యమే అవుతుంది, క్ట్సి అని రాయాలి.

జవాబు 1 (మళ్లీ)
ఇంకొకటి. "వెర్మాంట్ అబెనకీ" అనొద్దు. ఒడనాక్ కెనడాలోని క్విబెక్‌లో ఉంది, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2011–12లో గుర్తించిన నాలుగు బృందాలను ఒడనాక్ ఒప్పుకోదు. "రెడ్ ఇండియన్" కూడా వద్దు. ఇంటర్వేల్ స్థలం 1991లో అమెరికా చారిత్రక స్థలాల జాబితాకెక్కిన పేరులో మాత్రం "ఇండియన్" ఉంది, అక్కడ ఉన్నదున్నట్టే ఉంచండి.

అడిగినవారు
శీర్షిక మార్చాను: "అతియన్ లోలోఁ: తండ్రి భాషకు నిఘంటువు".

జవాబు 2
నిఘంటువు ఒబెరీదండీ. "నిఘంటువు అనువాదకుడు" అనండి.