మామిడి మీద బదనిక: పిట్టను ఆపాలా, కొమ్మ కోయాలా?

బేనిషాన్ తోట:
కొల్లాపూర్ దగ్గర 9 ఎకరాలు, బేనిషాన్, ముప్పై ఏండ్లు దాటిన చెట్లు. అడవి దిక్కు మూడు సాళ్లల్ల చెట్టుకు ఆరేడు బదనిక గుత్తులున్నయి, చెట్టు కొమ్మల మీదనే మొలిచి వాటి నీళ్లు గుంజి బతికే మొక్క ఇది. గుత్తికి అవతల కొమ్మ కొస ఎండుతున్నది, బదనిక మాత్రం నిండు ఎండల గూడ పచ్చగుంటది. దీన్ని తెచ్చేది బొటనవేలంత పిట్ట. పొద్దున ఆరింటి నుంచే టిక్ టిక్ టిక్ అనుకుంట కొమ్మ కొమ్మ తిరుగుతది. ఆ మూడు సాళ్లకు వల కప్పుదామని, గట్టు మీద పిట్ట వాలే సింగపూర్ చెర్రీ చెట్లు రెండూ కొట్టేద్దామని ఉన్నది. వల కన్ను ఎంత ఉండాలె? కట్టినోళ్లుంటే చెప్పున్రి.

నల్లమల నడక:
వల కట్టకండి అన్నా. మీరు చెప్పిన గుర్తులు బదనిక జిట్టవి. కొస నుంచి కొసకు 8 సెంటీమీటర్లు, మన దగ్గర అంతకంటే చిన్న పిట్ట ఇంకోటి దొరకడం కష్టం. పైన మసక ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, కింద తెలుపు, ముక్కు సన్నగా కాస్త వంగి లేత గులాబీ రంగులో ఉంటుంది. రంగుల్లేవు కాబట్టి చూపుకి ఆనదు, గొంతుతోనే దొరుకుతుంది. తోటల్లో అమ్మే అంగుళం కన్ను వలలో దీని తల దూరుతుంది, రెక్క దూరదు. ఎండకు చస్తుంది. అదే వలలో తేనెపిట్టలు, జీనువాయిలు కూడా పడతాయి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఈ పిట్టల్ని పట్టినా చంపినా నేరమే.

చెర్రీ చెట్లు కొడితే లాభం లేదు. ఏడాది పొడుగునా చిన్న పండు దొరికే చెట్టు అది. పిట్ట దాని మీద వాలినంత సేపూ బదనిక పండు జోలికి రాదు.

కొమ్మకత్తెర:
వల సంగతి ఒప్పుకుంటా. కానీ ఒకటి సరిచెయ్యాలి. అందరూ ‘పిట్ట తిని రెట్టలో వేస్తుంది’ అని రాస్తుంటారు. ఇది మింగదు. పండును ముక్కుతో నొక్కి గింజ బయటికి తీసి, జిగురు వదిలించుకోవడానికి ముక్కును కొమ్మకు రుద్దుతుంది. గింజ అక్కడే అంటుకుంటుంది.

అమ్రాబాద్ చూపు:
మింగుతుంది సార్. గుండ్రంగా మొత్తం మింగుతుంది. కొద్ది నిమిషాల్లో వెనక నుంచి వస్తుంది.

కొమ్మకత్తెర:
మీరు చూసింది వేరే పిట్ట అయ్యుంటుంది.

అమ్రాబాద్ చూపు:
లేత గులాబీ ముక్కు, గీతల్లేని రొమ్ము. అదే పిట్ట.

బత్తాయి నల్లగొండ:
మింగితే ఏంది, రుద్దితే ఏంది? మొలిచేది మా కొమ్మ మీదనే గదా.

కొమ్మకత్తెర:
తేడా ఉంది, అందుకే పట్టుబడుతున్నా. ముక్కుతో రుద్దితే గింజ పండిన గుత్తి పక్కనే, అదే చెట్టు మీద పడుతుంది. మింగితే పిట్టతో పాటు ఎగిరి పోతుంది. మొదటిదే నిజమైతే అడవి వైపు నుంచి వచ్చేది కొంచెమే, తోటలోది తోటలోనే పెరుగుతున్నట్టు. అప్పుడు గట్టు మీద ఏ వల కట్టినా దండగే. రెండోది నిజమైతే బేనిషాన్ అన్న భయంలో అర్థం ఉంది. ఊరికే వాదించడం లేదు నేను.

నల్లమల నడక:
ఇద్దరూ సగం సగం పట్టుకున్నారు. ఇదే పిట్ట రెండు పనులూ చేస్తుంది. పండును పిండి గింజను ముక్కుతో రుద్దేస్తుంది, మింగితే తర్వాత వెనక భాగాన్ని కొమ్మకు రాసి వదిలించుకుంటుంది. గింజ చుట్టూ ఉన్న జిగురు అరిగిపోదు, రెట్టలా కింద పడదు. అందుకే మామూలుగా కొమ్మకు అడ్డంగా కూర్చునే పిట్ట అప్పుడు పొడుగునా తిరిగి, ఒళ్లు కిందికి వంచి రెండు మూడు సార్లు రాస్తుంది. ఒక్కోసారి గింజ వెంట గింజ దారానికి గుచ్చినట్టు వేలాడుతూ వస్తాయి, కింది కొమ్మను తాకి అంటుకుంటాయి. ఏప్రిల్‌లో వేలు మందం కొమ్మల్ని దగ్గరగా చూడండి, పూసల్లా ఎండిన గింజలు కనిపిస్తాయి.

నల్లమలలో దీని అన్న వరస పిట్ట ఇంకోటుంది. ముక్కు మొద్దుగా, రొమ్ము మీద మసక గీతలు, కూర్చున్నప్పుడు తోకను ఇటూ అటూ ఊపుతుంది. జువ్వి, మేడి, మర్రి పండ్ల మీద ఎక్కువ. అది తోలు ఒలిచి, గింజను కొమ్మకు తుడిచి, గుజ్జు తింటుంది. కొమ్మకత్తెర గారు అది కూడా చూసి ఉండొచ్చు. 1931లోనే పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కొంకణ్‌లో ఈ పిట్టలకూ బదనికకూ ఉన్న సంబంధం మీద రాశారు. ఆ తర్వాత హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వేకి మన మన్ననూర్, ఫరహాబాద్ కూడా వచ్చారు.

దూరం సంగతికొస్తే, మింగినా కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయంలో పిట్ట ఉండేది చాలావరకు అదే చెట్టులోనో పక్క చెట్టులోనో. అప్పుడప్పుడూ ఒక గింజ అడవి నుంచి రావచ్చు, ఆ ఒక్కటి ఏడు గుత్తులు కావడం తోట లోపల జరిగే పని.

కొమ్మకత్తెర:
ముక్కుతో రుద్దుతుందని ఒప్పుకున్నారు కదా, చాలు.

అమ్రాబాద్ చూపు:
మింగుతుందని కూడా ఒప్పుకున్నారు.

బేనిషాన్ తోట:
మీ ముక్కు పంచాయితీ తర్వాత తెంపుకోండి. రెండు సార్లు బదనిక కోయించిన. మళ్ల వచ్చింది. పిట్ట తేకపోతే ఎట్ల వచ్చె?

కొమ్మకత్తెర:
ఎట్లా కోశారు? గుత్తి పీకారా, కొమ్మ కోశారా?

బేనిషాన్ తోట:
కొడవలితోని గుత్తులు చెక్కినం. కొమ్మ కొడితే కాత పోతది.

కొమ్మకత్తెర:
అక్కడే ఉంది తప్పు. నారింజ రంగు గొట్టం పూల బదనిక కదా మీది. దానికి మొదట దిగిన చోట బుడిపె కడుతుంది. ఆ బుడిపె నుంచి బెరడు మీద పాకే వేర్లు బయలుదేరి, జానెడు మూరెడు పోయి మధ్యలో మళ్లీ మళ్లీ కొమ్మలోకి దిగుతాయి. మీరు గుత్తి చెక్కితే ఆ వేర్లన్నీ బతికే ఉంటాయి. వాన పడగానే దిగిన ప్రతి చోటా చిగురు. ఒక గుత్తి చెక్కితే మూడు గుత్తులయ్యేది అందుకే. పిట్ట తెచ్చిన గింజ మొలిచి, కంటికి ఆనే గుత్తి కావాలంటే ఏడాది పైనే కావాలి. మీకు కోసిన కొన్ని నెలలకే వచ్చిందంటే అది పాత వేరు చిగురే.

చెయ్యాల్సింది ఇదీ. బదనిక ఆకు మామిడాకు కంటే మందం, పెళుసు, బూడిద పచ్చ, నడి ఈనె లేతప్పుడు ఎర్రగా ఉంటుంది. చెట్టు కింద నిలబడి కొమ్మ కొమ్మకూ సున్నంతో గుర్తు పెట్టండి. కోసేటప్పుడు పాకే వేరు కాండం వైపు ఎంతవరకు పోయిందో బెరడు తడిమి చూసి, ఆఖరి అతుకు నుంచి ఇంకో 30 సెంటీమీటర్లు కాండం వైపు వదిలి రంపంతో కోయాలి. ముందు కొమ్మ కింద నుంచి మూడో వంతు గాటు, తర్వాత పై నుంచి. లేకపోతే కొమ్మ విరిగి బెరడు చీలికగా లాక్కుపోతుంది. గాయానికి బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం 5 లీటర్ల నీళ్లలో, కిలో సున్నం ఇంకో 5 లీటర్లలో విడివిడిగా కరిగించి కలపాలి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుప బకెట్ పాడైపోతుంది, మందూ పాడైపోతుంది. ఏ రోజుది ఆ రోజే పూయాలి.

పెద్ద బోదె కొమ్మ మీద ఉండి కోయలేకపోతే, రెండు మూడు నెలలకోసారి ఆకులన్నీ తుంచేస్తూ పోండి. బదనిక నీళ్లు, లవణాలే చెట్టు నుంచి గుంజుతుంది, తిండి తన ఆకుతోనే వండుకుంటుంది. ఆకు లేకపోతే నీరసించి పూత మానేస్తుంది. పండు లేకపోతే పిట్టకి పని లేదు. తుంచిన ఆకు మేకలకి వెయ్యొచ్చు.

2,4-డి కొట్టమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. అది వెడల్పాకు మొక్కల్ని చంపే మందు. మామిడి కూడా వెడల్పాకు చెట్టే.

బత్తాయి నల్లగొండ:
గిది పనికొచ్చే ముచ్చట. మా గట్టు మీద యాప చెట్టుకు ఉన్నది, రేపు చూస్త.

బేనిషాన్ తోట:
సరే, తోటల కోస్త. మరి గట్టు అవతల అడవిల ఇప్ప మీద, మద్ది మీద ఉన్నదాన్ని ఎవరు కోయాలె? అదంత కొట్టేసేదాక నా తోటకు రక్షణ లేదు.

నల్లమల నడక:
అడవిలోది ముట్టుకోవద్దు. అది అభయారణ్యం చెట్టు. ఎండాకాలం నీళ్లూ పండ్లూ లేనప్పుడు పిట్టలకి దొరికే తిండి అది. ముదిరిన మొగ్గ కొసను తేనెపిట్ట, బదనిక జిట్ట ముక్కుతో నొక్కితేనే పువ్వు టప్పున విచ్చుకుంటుంది. రెక్కల కింద పసుపూ అంచున ఎరుపూ ఉండే సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది బదనిక ఆకు మీదే, పురుగు తినేదీ అదే.

బేనిషాన్ తోట:
ఆదివారం కెమెరా ఏసుకొని వచ్చి పోయేటోళ్లకు అన్నీ అందంగనే కనబడ్తయి. కొస ఎండిన కొమ్మకు ఒక్క కాయ నిలుస్తలేదు ఈడ. నీ సీతాకోకచిలుక నాకు బాటసింగారం పండ్ల మార్కెట్ల రేటు ఇప్పిస్తదా?

నల్లమల నడక:
ముప్పై ఏళ్ల చెట్టు ఒక్క ఏడాదిలో ఇట్లా కాదు. ఏడేసి గుత్తులు పెరిగేదాకా ఆ మూడు సాళ్లు ఎవరూ తలెత్తి చూడలేదు. దానికి పిట్టను అంటే ఎట్లా?

బేనిషాన్ తోట:
చూడనీకి తోట నా చేతుల ఉంటె గదా! పూత మీద గుత్తకు ఇస్త. పూత కాంచి కోత అయ్యేదాక చెట్టు మీద చెయ్యి ఎయ్యనియ్యరు. పండు పండి పిట్ట తిరిగేది గా నెలలల్లనే. గుత్తకు పట్టినోడు పూత తెప్పించే మందు పాక్లోబ్యుట్రజాల్ పోసి రెండు కాతలు గుంజుకొని పోయిండు. ఒక్క బదనిక గుత్తి తెంపలే.

గుత్త మామిడి:
ఇప్పటిదాక సప్పుడు చెయ్యకుండ చదివిన, ఇగ చెప్పాలె. నేను తోటలు గుత్తకు పడ్త. రెండేండ్ల గుత్త మీద కొమ్మ కొయ్యమంటే ఎట్ల కోస్తం? కోసిన కొమ్మ మళ్ల చిగురేసి కాతకు రావాలంటే రెండు మూడేండ్లు. గా కాత తినేది నా తర్వాత పట్టేటోడు. కోతకూలి నాది, కాత వానిదా? తోట పట్టా ఉన్నోడే కోయించాలె.

బేనిషాన్ తోట:
కోత అయినంక జూన్ల తోట నాకు ఒప్పజెప్తవా? ‘ఇంక ఏడాది ఉన్నది, నీళ్లు నేనే పెట్టుకుంట’ అంటవు. లోపల అడుగు పెట్టనియ్యవు.

అమ్రాబాద్ చూపు:
ఇదన్నమాట అసలు సంగతి. పిట్ట గురించి మూడు రోజులు కొట్లాడినం.

గుత్త మామిడి:
ఒప్పజెప్త. కొమ్మ ఎంత కొడ్తవో ముందుగాల చెప్తే.

కొమ్మకత్తెర:
రోజులు లెక్కేసుకుంటే దారి ఉంది. కొల్లాపూర్ కోత మే చివరికి చాలావరకు అయిపోతుంది. జూన్ మొదటి వారం నుంచి జులై మధ్య వరకు కోసెయ్యాలి. అప్పుడు కోస్తే వానలకి కొత్త చిగురు వచ్చి ముదురుతుంది. సెప్టెంబర్ దాటాక కోస్తే ఆ కొమ్మకి వచ్చే పూత పోయినట్టే, గుత్తేదారు భయం అక్కడ నిజం. ఎండుతున్న కొస కొమ్మలు ఎలాగూ కాయవు. వాటిని కోస్తే ఎవరికీ పోయేదేం లేదు. ముందు ఈ ఏడు అవి కోయండి, కాస్తున్న కొమ్మ మీది గుత్తులకు ఆకు మాత్రం తుంచండి, పండు కట్టనివ్వకండి. మిగతా కొమ్మలు వచ్చే జూన్‌లో.

నల్లమల నడక:
ఒక్క మాట, జూన్‌లో కోసేటప్పుడు ఆకుల మధ్య వేలాడే చిన్న సంచి చూడండి. జామకాయంత ఉంటుంది, సాలెగూడు, దూది, పీచు కలిపి అల్లినది, పక్కన పైవైపు చీలికలాంటి దారి. ఈ పిట్ట ఫిబ్రవరి నుంచి జూన్ దాకా గూడు కడుతుంది, రెండు తెల్ల గుడ్లు, ఎప్పుడైనా మూడు. పిల్లలుంటే ఆ ఒక్క కొమ్మ రెండు వారాలు ఆపండి. పిల్లలకు పురుగులు, సాలీళ్లు కూడా ఏరి పెడుతుంది.

బేనిషాన్ తోట:
వల మాట మానుకుంటున్న. చెర్రీ చెట్లు కూడ ఉంచుత. ఈ సారి గుత్త కాయితంల రాయిస్త: కోత అయిన పదిహేను రోజులల్ల బదనిక కోయనీకి తోట తెరవాలె, ఎండు కొసలు ముందు, కాసే కొమ్మ ఇద్దరం చూసినంకనే.

గుత్త మామిడి:
కూలి ఎవరిదో గూడ రాయి.

బేనిషాన్ తోట:
సగం సగం.

గుత్త మామిడి:
ఎండు కొసలకు సగం ఇస్త. కాసే కొమ్మకు పైస ఇయ్య.

బత్తాయి నల్లగొండ:
గుత్త మూడేండ్లకు రాసుకుంటె కాసే కొమ్మకు గూడ ఇస్తవా అన్న?

గుత్త మామిడి:
మూడేండ్లు రాస్తె రేటు కాడ మాట్లాడుదాం. ఫోన్ చెయ్యమను.