సిగ్నల్స్ విభాగం నుంచి ఐటీ కన్సల్టింగ్‌లోకి: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. జబల్‌పూర్‌లో శిక్షణ పొంది, సైన్యం సిగ్నల్స్ విభాగంలో 17 ఏళ్లు రౌటర్లు, ఫైబర్ లింకులు చూసుకున్న నేను త్వరలో హవల్దారుగా పదవీ విరమణ చేస్తున్నాను. సైన్యం ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్‌ను హైదరాబాద్ కంపెనీలు డిగ్రీగా పరిగణిస్తాయా? నేరుగా కన్సల్టింగ్ మొదలుపెట్టవచ్చా?

జవాబు 1:
15 ఏళ్ల సర్వీసు నిండిన మెట్రిక్యులేట్లకు ఇచ్చే ఆ సర్టిఫికెట్ ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల కోసం ఉద్దేశించినది కనుక, ప్రైవేటు కంపెనీ దానిని అంగీకరించాలన్న నియమం లేదు. సిస్కో సంస్థ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ పూర్తిచేయండి. మాజీ సైనికుల ఉపాధి శిక్షణ చూసే రక్షణ శాఖ విభాగం, పునరావాస డైరెక్టరేట్ జనరల్ (డీజీఆర్) కోర్సులకు యూనిట్‌లో ఉండగానే దరఖాస్తు చేసుకోవడం మేలు. నా మొదటి రెజ్యూమెలో ‘డిటాచ్‌మెంట్ కమాండర్’ అని రాస్తే ఎవరికీ అర్థం కాలేదు. ‘ఆరుగురి బృందంతో రాత్రింబవళ్లు నెట్‌వర్క్ నిర్వహణ’ అని మార్చాక పిలుపులు వచ్చాయి. యూనిట్ స్థావరాలు, పరికరాల వివరాలు మాత్రం రాయకండి. అధికార రహస్యాల చట్టం, 1923 విరమణ తరువాత కూడా వర్తిస్తుంది.

జవాబు 2:
కన్సల్టింగ్‌కు తొందరపడకండి. పెన్షన్ ఉందన్న ధీమాతో నేను మొదటి రోజే బోర్డు పెట్టాను, కానీ రాతపూర్వక ఆర్డరు ఇవ్వకుండా పని చెప్పడం, చెప్పిన పనిని మధ్యలో మార్చడం సివిల్ ప్రపంచంలో మామూలేనని తెలిసేసరికి ఏడాది గడిచింది. రెండేళ్లు ఉద్యోగం చేసి, పని పరిధిని రాతపూర్వకంగా తీసుకోవడం నేర్చుకోండి. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు సార్. రెజ్యూమె ఈ రాత్రే తిరగరాస్తాను.