1962 పెళ్లి ఫొటోలో కారు: డాడ్జా, ప్లిమతా?

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. మా పెదనాన్న పెళ్లి ఫొటో ఒకటి ట్రంకుపెట్టెలో దొరికింది, 1962లో నరసన్నపేటలో తీసింది. ఊరేగింపు కారు, బానెట్ నిండా బంతిపూలు, ఎడమ పక్క నుంచి తీశారు కాబట్టి వెనక భాగం కూడా బాగానే కనపడుతోంది. ఇంట్లో ఇన్నేళ్లుగా అందరూ "ప్లిమత్ కారులో ఊరేగించాం" అనే చెప్పుకుంటారు. మొన్న స్కాన్ చేసి పెద్దది చేసి చూస్తే పూల మధ్యలోంచి పొట్టేలు తలకాయ బొమ్మ బయటికి వచ్చింది. పొట్టేలంటే డాడ్జ్ కదా! మా బావేమో డొక్కా, వెనక లైట్లూ నెట్‌లో ఉన్న 1951 ప్లిమత్ ఫొటోల పక్కన పెట్టి, అచ్చు గుద్దినట్టున్నాయి, ఆ బొమ్మ ఎవడో తెచ్చి అతికించుంటాడు అంటాడు. పందెం అరకేజీ పలాస జీడిపప్పు. ఎడమ పక్క ముందు చక్రానికి మూత లేదు, అది కూడా పనికొస్తుందేమో అని చెబుతున్నా.

గంటస్తంభం గ్యారేజ్:
పప్పు చెరి పావుకేజీ పంచుకోండి, ఇద్దరిదీ కరెక్టే. అది డాడ్జ్ కింగ్స్‌వే అయ్యుంటుంది. ముందు జాలీ, బొమ్మ, పేరు డాడ్జ్‌వి, మిగతా ఒళ్లంతా ప్లిమత్‌దే. అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్ వాళ్లకి 1928 ఒక్క ఏడాదిలోనే మూడు పేర్లు చేతికొచ్చాయి: డాడ్జ్ కంపెనీని కొనేశారు, ప్లిమత్‌నీ డిసోటోనీ కొత్తగా పెట్టారు. వీటిలో చవకైనది ప్లిమత్. బయటి దేశాల్లో డాడ్జ్ అమ్మేవాడికీ డిసోటో అమ్మేవాడికీ చవక బండి కావాలి కదా, అందుకని అదే ప్లిమత్ బాడీకి ఒకడికి డాడ్జ్ కింగ్స్‌వే అనీ, ఇంకొకడికి డిసోటో డిప్లొమాట్ అనీ పేరు కొట్టి పంపారు. మన దగ్గర వీటిని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ బిగించేది, వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన కంపెనీ, తర్వాత ఫియట్లు, పద్మినీలు చేసింది కూడా వాళ్లే. బొమ్మలు మాత్రం ఎవరివి వాళ్లవే. ప్లిమత్‌కి ఓడ, మేఫ్లవర్ అని 1620లో అమెరికా వెళ్లిన ఓడ, డాడ్జ్‌కి పొట్టేలు, డిసోటోకి ఆ పేరున్న స్పెయిన్ దండనాయకుడి తల. కాబట్టి బొమ్మ ఎవడూ అతికించలేదని మీ బావగారికి చెప్పండి.

సిక్కోలు కుర్రోడు:
అమెరికా కార్లంటే షెవర్లేనే గురూ, 57 బెల్ ఎయిర్ ముందు ఇవన్నీ ఎడ్లబళ్లు. మా మావయ్య విజయనగరంలో ఒక పెళ్లికి అదే బండి తోలాడు. పెట్రోల్ బంకులో కుర్రాడు గొట్టం పట్టుకుని బండి చుట్టూ రెండు సార్లు తిరిగాడట, మూత ఎక్కడుందో దొరక్క! ఎడమ రెక్క చివర నిలువుగా ఉన్న క్రోమ్ పట్టీ తలుపులా తెరుచుకుంటుంది, దాని వెనకాల ఉంటుంది. 56 మోడల్‌కి అయితే ఎడమ వెనక లైటే పక్కకి వంగుతుంది. అవి కూడా బొంబాయిలో బిగించినవేగా?

గంటస్తంభం గ్యారేజ్:
మూత సంగతి కరెక్టే. బొంబాయిలో బిగించినవి మాత్రం కావు. షెవర్లే చేసే జనరల్ మోటార్స్ 1928 నుంచి అక్కడ బిగించేది, 1954లో కట్టేసింది. 57 బెల్ ఎయిర్ ఎక్కడ కనపడినా బయటి నుంచి దిగినదే.

రిటైర్డ్ ఫిట్టర్, ఆమదాలవలస:
బాబూ, ఆ డాడ్జ్ మీద నేను పని నేర్చుకున్నాను. ఆరు సిలిండర్లు, వాల్వులు పైన ఉండవు, బ్లాకులోనే సిలిండర్ పక్కన ఉంటాయి, హెడ్డు విప్పితే చదునైన మూత తీసినట్టే. బ్యాటరీ ఆరు వోల్టులు, పైగా బాడీకి తగిలేది ప్లస్సు తీగ. ఇప్పటి కుర్రాళ్లు అలవాటుగా మైనస్ బిగించేస్తారు, ఆంపియర్ మీటరు ముల్లు తిరగబడితే గానీ తెలీదు వాళ్లకి.

అన్నిటికన్నా పెద్ద తిరకాసు చక్రాలది. కుడి పక్క బోల్టులు మామూలువే, ఎడమ పక్కవి రివర్స్ త్రెడ్. అందరిలా ఎడమకి తిప్పితే ఇంకా బిగుసుకుంటాయి. ఒకసారి రణస్థలం దగ్గర పంచరు పడితే పెళ్లివారు నలుగురు స్పానర్ మీద నిలబడి ఎగిరారు, బోల్టు కదల్లేదు, స్పానర్‌కి పైపు తొడిగి మళ్లీ ఎగిరితే బోల్టు తల ఊడి పొలంలో పడింది. నేను సైకిల్ మీద వెళ్లేసరికి ముహూర్తం దగ్గరపడి ఆడపెళ్లివారు తిట్లు మొదలెట్టేశారు. తల మీద రివర్స్ త్రెడ్‌కి గుర్తుగా ఎల్ అక్షరం ఉంటుంది, కనపడిందా అని అడిగితే, అది లెఫ్ట్ చక్రమని గుర్తేమో అనుకున్నాం అన్నారు!

నాగావళి గట్టు:
ఫిట్టర్ గారూ, మీ పోస్టు చదివి భూతద్దం తెచ్చాను. మూత లేని ఆ చక్రానికి బోల్టులు లెక్కపెట్టాను, నాలుగే ఉన్నాయి, ఐదోది ఉండాల్సిన చోట నల్లగా కన్నం. మా పెద్దమ్మకి ఫోన్ చేసి ఊరికే అడిగాను, పెదనాన్న పెళ్లికి లేటుగా ఎందుకు వచ్చారని. "మీ తాతయ్య కారు దిగి స్పానర్ పట్టుకున్నారు నాయనా" అంది.