పాత జీపు అడుగున శబ్దం: లోపం క్రాస్‌దా, క్రౌన్ పినియన్‌దా?

రాజోలు దగ్గర చెరువుగట్ల మీద తిరిగే మా పాత ఫోర్‌వీల్ జీపులో క్లచ్ వదిలినప్పుడల్లా అడుగు నుంచి టక్‌మని శబ్దం వస్తోంది. వేగం 40 దాటితే వణుకు కూడా మొదలవుతోంది. ముందు ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజను శక్తిని ఇరుసుకు చేర్చే తిరిగే గొట్టం) విప్పేసి నడిపినా తేడా లేదు. వెనుక షాఫ్టును చేత్తో తిప్పితే క్రాస్ (షాఫ్టు చివరి కీలు) దగ్గర కొద్దిగా లూజు తెలుస్తోంది గానీ, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండే గేర్ల పెట్టె) ప్లగ్ విప్పినప్పుడు నూనె పాలు కలిపిన కాఫీలా రావడంతో, గోదావరి వరదనీటిలో దింపినప్పుడు లోపలికి నీరు చేరిందని అర్థమైంది (దింపింది నేనే, ఎవరినీ అనడానికి లేదు). మెకానిక్ ఆ పెట్టెలోని క్రౌన్ పినియన్ గేర్ల సెట్టే మార్చాలంటున్నారు. నాకది తొందరపాటుగా తోస్తోంది. ముందుగా క్రాస్, పినియన్ సీలు మార్చి, బ్రీదర్ (పెట్టెకు గాలి ఆడే రంధ్రం) శుభ్రం చేసి, కొత్త నూనె పోసి చూడవచ్చా? పినియన్ అరుగుదలను హౌసింగ్ విప్పకుండానే గుర్తించే పద్ధతి ఏదైనా ఉంటే, అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.